మూడేళ్ల అనుభవం

ఐర్లాండులో పాములుండవు. చదువుకి ఈ దేశమే ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే మల్లేశ్ యూనివర్సిటీ పేరు, చదువయ్యాక ఉండనిచ్చే వీసా, ఇంగ్లిషు మాట్లాడే జనం అంటూ వరసగా కారణాలు చెప్పేవాడు. పాముల సంగతి మాత్రం పైకి చెప్పేవాడు కాదు. మెట్‌పల్లిలో ఇంటి వెనక బాత్రూంలో జెర్రిపోతు కనబడ్డ రోజు, ఒంటి మీద తువ్వాలుతోనే నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. బాబాయి వచ్చి దాన్ని కర్రతో బయటికి తోలాక కూడా అన్నం వేళదాకా దిగలేదు. అలాంటి మనిషికి ఒక దేశం మొత్తంలో చేలోనూ చెట్టులోనూ పామన్నది లేదని తెలిస్తే, ఆ దేశం మీద ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది?

అటువంటి మల్లేశ్ మార్చి నెలలో ఒక ఆదివారం పొద్దున, నాస్ ఊరి బయట ఒక హోటల్లో, మామూలుగా పెళ్లిళ్లు జరిగే హాల్లో, ఎటు చూసినా పాములే ఉన్నచోట 'స్టాఫ్' అని రాసున్న ఆకుపచ్చ టీషర్టు వేసుకుని నిలబడ్డాడంటే, అందులో తప్పు అతనొక్కడిదే అనలేం. ఎక్కువ తప్పు అతని రూమ్మేటు నవదీప్‌ది. కొంత ఇళ్ల ఓనర్లది.

గురువారం మొదలైంది ఇదంతా. మెయ్‌నూత్‌లో మల్లేశ్, నవదీప్, ఇంకో ముగ్గురు కలిసి ఉంటున్న ఇంటిని ఓనరు అమ్మేస్తున్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నవదీప్ డబ్లిన్‌లో దూరపు చుట్టాల ఇంట్లో ఒక సోఫా ఖాయం చేసుకున్నాడు. మల్లేశ్‌కి ఐర్లాండులో చుట్టాలూ లేరు, వాళ్ల సోఫాలూ లేవు. గది కోసం ఎక్కడికి వెళ్లినా గేటు దాకా క్యూ. ఆ రోజు వెళ్లిన గదిలో మంచం మూడు గోడలకీ తగులుతోంది, కిటికీ పూర్తిగా మూసుకోదు. కానీ గదిని వేడిచెయ్యడానికి గోడకి బిగించిన రేడియేటరు వెచ్చగా ఉంది. మల్లేశ్ దాని మీద చెయ్యి పెట్టి, చూడాల్సింది ఇంకేదో ఉన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తామున్న ఇంట్లో ఆ వేడి కోసం బాయిలరు వెయ్యాలంటే, బిల్లుకి భయపడి, ఐదుగురూ ఓటేసుకోవాలి.

ఓనరు డెక్లన్ మంచివాడే. వచ్చిన అందరినీ పేరుపేరునా పలకరించి, అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు.

"ఇక్కడ నిన్నెరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పాత ఓనరో, పనిచ్చినవాళ్లో. రెండు మూడేళ్లుగా తెలిసినవాళ్లయితే నాకు నిశ్చింత. ఆదివారం ఫోన్ చేసి మాట్లాడతాను."

మల్లేశ్ దేశంలో దిగింది పోయిన సెప్టెంబరులో, పలకరింపుల్లో డెక్లన్‌కి ఆ మాట చెప్పాడు కూడా. అయినా తల ఊపి, నంబరు పంపిస్తానని చెప్పి వచ్చేశాడు.

"ఇల్లు గావాల్నంటే ముందుగాల ఇంకో ఇంట్ల ఉండి ఉండాలె. పని గావాల్నంటే ముందుగాల ఇంకో పని జేసి ఉండాలె. మరి మొదటిది ఎవడిస్తడురా?" అన్నాడు ఆ సాయంత్రం వంటింట్లో. అది కోపమో ఏడుపో అతనికే తెలీదు.

"ఎవడూ ఇవ్వడు. మనమే ఇచ్చుకోవాలి," అన్నాడు నవదీప్ ఉల్లిపాయలు తరుగుతూ.

నవదీప్‌ది గుంటూరు. ఐర్లాండు రాకముందు హైదరాబాదు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో రెజ్యూమేలు తయారుచేసే పనిలో ఉండేవాడు. అతని చేతి మీదుగా ఎంతమంది పసివాళ్లు రాత్రికి రాత్రే సీనియర్లయ్యారో లెక్కలేదు. అనుభవం అనేది మనిషికి జరిగేది కాదనీ, మంచి ఫాంటులో టైపు చేసేదనీ అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ప్రకటన తెచ్చి మల్లేశ్ ముందు పెట్టాడు. ఆదివారం రెప్టైల్ ఎక్స్‌పోలో, అంటే పాములూ తొండలూ పెంచేవాళ్లు పెట్టే సంతలో, నొరీన్ అనే ఆవిడ స్టాలు దగ్గర సాయానికి ఒక మనిషి కావాలి. పాములతో అనుభవం తప్పనిసరి.

"నీకేమన్న పిచ్చా?"

"ఒక్కరోజు పనిచ్చినా ఎంప్లాయర్ ఎంప్లాయరేరా. ఐరిష్ ఆవిడ. నంబరుంది. డెక్లన్‌కి కావాల్సింది అదేగా. ఇండియా అనగానే సగం వాళ్లే నమ్మేస్తారు. మిగతా సగం మనం నింపాలి."

"ఎన్నేండ్లని చెప్పాలె?"

"మూడు. రెండంటే ఫ్రెషర్ అనుకుంటారు. నాలుగంటే ప్రశ్నలడుగుతారు. మూడు సేఫు."

ఫోను స్పీకర్లో పెట్టారు. అవతల నొరీన్ గొంతు బొంగురుగా, నిదానంగా ఉంది. ఏం పెంచావని అడిగింది. నవదీప్ తన ఫోన్లో గబగబా టైపు చేసి ముఖానికి ఆనించాడు. అందులో ఉన్నది ఉన్నట్టు మల్లేశ్ చదివేశాడు.

"కోబ్రాస్."

అవతల ఏదో డబ్బా మూత టక్కుమంది.

"నాగుపాములా?"

"అవును."

"ఎన్నాళ్లు?"

"మూడేళ్లు."

"గ్రాండ్," అంది నొరీన్, బాగుంది అనడానికి ఐరిష్‌వాళ్లు అనే మాట. "ఆదివారం ఎనిమిదికి చర్చి దగ్గర నిలబడు, వ్యాన్లో ఎక్కించుకుంటాను. ఒంటికి సెంటు పూసుకోకు."

ఫోను పెట్టగానే మల్లేశ్ ఆవిడ నంబరు డెక్లన్‌కి పంపేశాడు. ఆవిణ్ణి అడిగి పంపాలన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

శనివారం సాయంత్రం నవదీప్ ట్రైనింగు ఇచ్చాడు. లాప్‌టాప్ ఛార్జరు వైరుని పాముగా నియమించాడు. చీకటి పడ్డాక పాము పేరెత్తకూడదని నవదీప్ వాళ్లింట్లో అలవాటు, దేశం మారినా ఆ అలవాటు పోలేదు. అందుకని పాఠమంతా పురుగు మీద నడిచింది.

"పురుగుని మెడ దగ్గర పట్టకూడదు. నడుం కింద చెయ్యేసి ఎత్తాలి. వీడియోలో చెప్పాడు చూడు. అదీ. భయం కనపడకూడదు."

"వైరుకైతే నాకెందుకు భయంరా?"

"మరి చెయ్యెందుకు వణుకుతోంది?"

మల్లేశ్ వైరు కింద పెట్టి చేతులు చంకల్లో దాచుకున్నాడు.

ఆదివారం పొద్దున చర్చి దగ్గర వ్యాను ఆపిన నొరీన్‌కి అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, గుండ్రంగా, మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు వేసుకుని ఉంది. వ్యాను వెనకాల అంతా ప్లాస్టిక్ డబ్బాలు దొంతర్లుగా పేర్చి తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ముందు సీటులో కూడా రెండు పెద్ద డబ్బాలున్నాయి.

"చోటు లేదు. ఒళ్లో పెట్టుకో," అంది.

ఆ విధంగా మల్లేశ్ నాస్ దాకా రెండు పైథాన్లను ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేశాడు. చిన్న జాతివి, అయినా పైథాన్లు పైథాన్లే. దారిలో నొరీన్ వానల గురించి, రోడ్డు పనుల గురించి మాట్లాడింది. అతను ప్రతిదానికీ "గ్రాండ్" అన్నాడు. డబ్బాలో ఏదో జరిగినప్పుడల్లా పెదాలు కదలకుండా "ఆస్తీక, ఆస్తీక" అనుకున్నాడు. పాము కనబడితే ఆ రుషి పేరు తలుచుకోవాలని వాళ్ల నాయనమ్మ చెప్పింది. ఐర్లాండు పాములకి ఆస్తీకుడు తెలుసో లేదో ఆవిడ చెప్పలేదు.

"ఏమంటున్నావు వాటితో?" అంది నొరీన్ రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

"ఊరికే. మా దగ్గర అట్లా అంటారు."

ఆవిడ ఆ మాట తిరిగి పలికి చూసి తల ఊపింది.

హాల్లో పెళ్లివాళ్ల రంగుకాగితాలు ఇంకా పైకప్పుకి వేలాడుతున్నాయి. బల్లలు వరసలుగా వేసి, వాటి మీద తెల్లగుడ్డలు పరిచారు. గుమ్మం దగ్గర సెయింట్ పాట్రిక్ బొమ్మ కట్టారు. పూర్వం దేశంలో పాముల్నన్నిటినీ సముద్రంలోకి తరిమేసిన మహాత్ముడాయన. ఆయన చేతిలో 'కొన్ని మిగిలాయి' అని రాసున్న అట్టముక్క పెట్టారు. పక్క స్టాలులో ఒంటినిండా పచ్చబొట్లున్నవాడు బల్లుల్ని అమ్ముతున్నాడు. ఇంట్లో గోడ మీద ఊరికే తిరిగేవాటిని, మీద పడితే తలంటు పోసుకోవాల్సినవాటిని, జనం క్యూ కట్టి కొనుక్కుపోతున్నారు. ఎదురుగా తొండలు. ఒక్కొక్క తొండకీ ఒక దీపం, ఒక మెత్తటి పరుపు. మెట్‌పల్లి కంచెల మీద తిరిగే తొండలు ఈ సంగతి వింటే ఏమనుకుంటాయో అనిపించింది మల్లేశ్‌కి. తనకి రేడియేటరు లేకపోవడం కూడా గుర్తొచ్చింది.

నొరీన్ బల్ల వెనక ఒక బోర్డు నిలబెట్టింది. 'ఫ్రాన్సిస్ అండ్ నొరీన్. ముప్ఫై ఏళ్ల అనుభవం.' ఆ ముప్ఫై అంకె చూడగానే మల్లేశ్ తన మూడుని తలుచుకుని, బోర్డుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

పని మాత్రం అతనికి చప్పున పట్టుబడింది. డబ్బాలు చిన్నవి ముందు, పెద్దవి వెనక. ప్రతి మూతనీ నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి, టక్కుమన్నాక ఇంకోసారి నొక్కాలి. లోపల పరిచిన కాగితం తడిస్తే మార్చాలి. ఎవరైనా చెయ్యి పెట్టబోతే ముందు సబ్బునీళ్ల సీసా చూపించాలి. అతను మూతలు ఎంత శ్రద్ధగా నొక్కాడంటే, నొరీన్ రెండుసార్లు ఆగి చూసింది. అది పనిమీద శ్రద్ధ కాదని, ప్రాణం మీద తీపి అని ఆవిడకి చెప్పలేదు. డబ్బాల కింద కరెంటుతో వెచ్చబడే చాపలు పరిచి ఉన్నాయి. పని లేనప్పుడు వాటి అంచున అరచేతులు ఆనించి నిలబడితే హాయిగా ఉంది. ఆర్నెల్లలో చేతులు ఇంత వెచ్చగా ఎప్పుడూ లేవు.

పదకొండు దాటేసరికి జనం పెరిగారు. అప్పుడు మల్లేశ్ ఒక విషయం గమనించాడు. గమనించకపోయినా బాగుండేది.

తోలు జాకెట్టు వేసుకున్న ఒక కుర్రాడు వచ్చి బల్ల మీద మోచేతులాన్చి, ఎర్రచారల పాము కావాలన్నాడు.

"ఇదివరకు పెంచావా?" అంది నొరీన్.

"ఓహో, ఏళ్లతరబడి. నేను పెంచని పాము లేదు."

"కుబుసం విడిచేముందు కళ్లెలా ఉంటాయి?"

"మామూలుగానే ఉంటాయి కదా, మెరుస్తూ."

నిజానికి అప్పుడు కళ్లు మసకబారి పాలరంగుకి తిరుగుతాయి. నొరీన్ విచారంగా తల ఊపి, జేబులోంచి 'రిజర్వ్‌డ్' అని రాసున్న చీటీ తీసి ఆ డబ్బాకి అతికించింది. "అయ్యో, ఇది ఎవరో చెప్పి ఉంచారు." కుర్రాడు వెళ్లగానే చీటీ ఊడదీసి జేబులో పెట్టుకుంది. తర్వాత వచ్చిన ముసలాయన తనకేమీ తెలీదని, మనవడి పోరు పడలేక వచ్చానని, పట్టుకోవాలంటే భయమని చెప్పాడు. ఆయనకి కుర్చీ వేసి కూర్చోబెట్టి ఓపికగా అన్నీ చెప్పి, పాముని మంచి డబ్బాలో పెట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం దాకా అదే తంతు. అన్నీ తెలుసన్నవాడికల్లా చీటీ పడుతోంది. తెలీదన్నవాడికల్లా పాము దొరుకుతోంది. ఆవిడ అబద్ధాన్ని వాసనతో పట్టేస్తుంది. సాయంత్రం డెక్లన్ ఫోన్ చేసినప్పుడు ఈవిడ ఏం చెబుతుంది? తన నుదుటి మీద కూడా ఒక చీటీ అతికిస్తుందని అతనికి ఖాయంగా అనిపించింది. ఆ గది, ఆ రేడియేటరు కళ్లముందు కదిలి వెళ్లిపోయాయి.

అప్పుడు వినబడింది తెలుగు.

"బాబూ, నువ్వు తెలుగబ్బాయివేనా? ఇందాకట్నుంచీ ఏదో గొణుక్కుంటన్నావు, ఆస్తీకా అని."

నలభై పైబడిన ఆవిడ. భుజానికి పెద్ద సంచి, హాస్పిటల్ గుర్తింపు కార్డు ఇంకా మెళ్లోనే ఉంది. పక్కన పన్నెండేళ్ల పాప, కళ్లన్నీ డబ్బాల మీదే.

"అవునాంటీ. మెట్‌పల్లి."

"మాది తణుకు. పుష్పవతి నా పేరు, నర్సుని. ఇది ఎవాంజెలిన్, మా అమ్మాయి. నైట్ డ్యూటీ నుంచి తిన్నగా లాక్కొచ్చింది నన్ను." ఆవిడ బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. "దీనికి పుట్టినరోజుకి పాము కావాలంట నాయనా. కుక్కపిల్లని కొంటానన్నాను, పిల్లిని కొంటానన్నాను. వాళ్ల నాన్న సరే అనేశాడు, ఆయన ఇంట్లో ఉండేది ఎప్పుడు గనక. నువ్వే ఏదో ఒకటి చెప్పి మాన్పించు. కరుస్తదని చెప్పు. పెద్దయ్యాక మింగేస్తదని చెప్పు. నీకు పుణ్యం ఉంటది."

"మామ్, ఐ కెన్ హియర్ యూ," అంది పాప తలెత్తకుండా.

మల్లేశ్ ఇరుక్కుపోయాడు. మనసులో పూర్తిగా ఆంటీ పక్షమే. కానీ రెండడుగుల దూరంలో నొరీన్ నిలబడి ఉంది. తెలుగు రాకపోయినా, కొనవద్దనే మాట ఏ భాషలోనైనా ముఖంలో తెలిసిపోతుంది.

"ఇదివరకు పెంచావా?" అంది నొరీన్ పాపతో.

"లేదు. ఎప్పుడూ పట్టుకోలేదు కూడా. మా అమ్మకి భయం. నాక్కూడా కొంచెం భయమే," అంది ఎవాంజెలిన్, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో.

నొరీన్ ముఖం విప్పారింది. మల్లేశ్ వైపు తిరిగి, నారింజరంగు మచ్చల పామున్న ఒక డబ్బా చూపించింది.

"తీసి చూపించు పాపకి."

పొద్దుటినుంచీ ఏ క్షణం రాకూడదనుకున్నాడో ఆ క్షణం రానే వచ్చింది. మల్లేశ్ డబ్బా ముందుకి జరుపుకున్నాడు. చేతులకి సబ్బునీళ్లు పూసుకున్నాడు, అవి ఆరాక మళ్లీ పూసుకున్నాడు. మూత నాలుగు మూలలూ ఒక్కొక్కటే విప్పాడు. పాము మొక్కజొన్న చేలలో తిరిగే జాతిది, విషం లేనిది, చూపుడువేలంత లావు. ఈ వివరాలన్నీ లేబుల్ మీద ఉన్నాయి. లేబుల్ ఎన్నిసార్లు చదివినా గుండెకి వినబడలేదు.

'నడుం కింద చెయ్యెయ్యాలి' అని నవదీప్ గొంతు చెవిలో పలికింది. వేశాడు. ఎత్తాడు. ఎత్తినంతసేపూ బాగానే ఉంది. అంతలో పాము తల అటూ ఇటూ తిప్పి, టీషర్టు కింద అతను తొడుక్కున్న పొడుగు చేతుల స్వెటరు అంచు చూసింది. లోపల వెచ్చగా ఉంటుందని దానికి ఎవరు చెప్పారో, మణికట్టు దగ్గర దూరి సర్రున లోపలికి వెళ్లిపోయింది.

"ఆస్తీక," అన్నాడు మల్లేశ్, ఈసారి పైకే.

"యేసు రక్తమే జయం," అంది పుష్పవతి, కూతుర్ని వెనక్కి లాగుతూ.

అతను పరిగెత్తలేదు. పరిగెత్తాలని లేక కాదు, కాళ్లు ఒంట్లో లేవు. చెయ్యి విదిలించలేదు. విదిలిస్తే అది ఎటు పోతుందోనన్న భయం, విదిలించకపోతే ఎటు పోతుందోనన్న భయాన్ని మించిపోయింది. మోచెయ్యి దాటింది. భుజం దగ్గర కాసేపు ఆగింది. ఊపిరి బిగబట్టి, సెయింట్ పాట్రిక్ బొమ్మనే చూస్తూ, శిలలా నిలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. బల్లులవాడు పక్కవాడితో, చూశావా, ఇండియాలో వీళ్లు ఇలాగే చేస్తారు, అసలు కదలరు, అని చెబుతున్నాడు. ఎవరో ఫోటో తీశారు. చివరికి పాము అతని మెడ దగ్గర కాలర్లోంచి తల బయటపెట్టి, నాలుక ఆడిస్తూ హాలంతా పరికించింది.

ఎవాంజెలిన్ అమ్మ చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది. రెండు అరచేతులూ దోసిలిలా పట్టి మల్లేశ్ గడ్డం కింద ఉంచింది. పాము మెల్లగా అటు జారింది. పాప చేతులు వణుకుతున్నాయి. మల్లేశ్‌వీ వణుకుతున్నాయి. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"నువ్వు కూడానా?" అంది పాప ఇంగ్లిషులో, గుసగుసగా.

మల్లేశ్ కనురెప్పలతో అవునన్నాడు.

పుష్పవతి చాలాసేపు చూసింది. తర్వాత, పేషెంటు నుదురు చూసే అలవాటు వల్లనేమో, ఒక వేలు చాపి పాము వీపు మీద పెట్టి వెంటనే తీసేసింది. మళ్లీ పెట్టింది.

"జిగటగా ఉంటదనుకున్నా. శుభ్రంగా పొడిగా ఉందే," అంది ఆశ్చర్యంగా. కూతురి ముఖం చూసింది, నిట్టూర్చింది. "నీ గదిలోనే ఉండాల. నా వంటింటి గడప తొక్కకూడదు. శుక్రవారం ప్రేయర్‌కి అందరూ వచ్చినప్పుడు దీని ఊసు ఎత్తకూడదు."

"పేరు గిడియన్ పెడతా మామ్. బైబిల్లో గిడియన్‌కి కూడా మొదట భయమే కదా."

"మా పెద్దన్నయ్య పేరు పాముకా?" అంది పుష్పవతి. కానీ సంచిలోంచి పర్సు తీస్తోంది.

నాలుగు గంటలకి జనం పలచబడ్డారు. నొరీన్ ఫ్లాస్కులోంచి టీ పోసి ఒక కప్పు మల్లేశ్ ముందు పెట్టింది.

"నువ్వు నాగుపాముని జన్మలో పెంచలేదు," అంది మామూలుగా, చక్కెర సరిపోయిందా అన్నట్టు.

మల్లేశ్ కప్పు దించాడు.

"లేదు."

"ఏ పామునీ పెంచలేదు."

"లేదు. బాత్రూంలో ఒకటి కనబడింది, అంతే. నాకు చాలా భయం." మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. గది సంగతి, డెక్లన్ సంగతి, ఆవిడ నంబరు అడక్కుండా ఇచ్చిన సంగతి, అన్నీ చెప్పేశాడు. చెప్పి తల దించుకున్నాడు. ఆవిడ జేబులోని చీటీ కోసమే ఎదురుచూశాడు.

నొరీన్ ఏదో అనబోయింది. అంతలో ఆవిడ ఫోను మోగింది. నంబరు చూసి, మల్లేశ్‌ని చూసి, ఫోను చెవికి పెట్టుకుంది.

"అవును, నొరీన్‌నే. ఎవరు? డెక్లన్. మెయ్‌నూత్‌లో. ఆ, చెప్పు."

మల్లేశ్‌కి కుర్చీలోంచి లేచి బయటికి పోవాలనిపించింది. పోలేక పక్కనున్న డబ్బా మూత మూలలు మళ్లీ నొక్కాడు.

"ఎరుగుదును. నా దగ్గరే పనిచేస్తాడు," అంది నొరీన్. "ఎన్నాళ్లనా?" ఆవిడ కళ్లు మల్లేశ్ మీదే ఉన్నాయి. "మూడేళ్లు."

మల్లేశ్ నోరు తెరిచాడు. ఆవిడ నోరు మూసుకోమన్నట్టు చెయ్యి చూపించింది.

"దేశానికి వచ్చి ఆర్నెల్లే అన్నాడా? అలాగే అంటాడు. వాడికి లెక్కలు రావు, మనిషి మంచివాడు. ఇంతకుముందా? ముందు నుంచీ ఫోన్లోనే సలహాలు చెప్పేవాడు, అక్కణ్ణుంచే. పాముల సంగతి కదా, వాళ్లకి తెలిసినంత మనకేం తెలుస్తుంది. నమ్మకమైనవాడా? డెక్లన్, ఇవాళ మధ్యాహ్నం నా కళ్లతో చూశాను, ఎవరైనా పారిపోయేచోట నిలబడ్డాడు. మూతలు నాలుగు మూలలా నొక్కుతాడు. ఇంకేం కావాలి నీకు?" కాసేపు విని, "గ్రాండ్" అని ఫోను పెట్టేసింది. "శుక్రవారం తాళంచెవి ఇస్తాడట."

మల్లేశ్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తి, ఆ చేతుల్తో పాముని పట్టుకున్నానని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"పొద్దుట ఆ జాకెట్టు అబ్బాయి అబద్ధమాడాడని పామునివ్వలేదు కదా మీరు," అన్నాడు చివరికి.

"పాము దగ్గర అబద్ధమాడితే పాము చస్తుంది. ఇంటి ఓనరు దగ్గర ఆడితే ఎవరూ చావరు," అంది నొరీన్. టీ తాగుతూ వెనక్కి తిరిగి బోర్డు వైపు చూసింది. "ఆ ముప్ఫై చూశావా? అవి ఫ్రాన్సిస్ ఏళ్లు. మా ఆయన. నేను ఆ గరాజులోకి తొంగిచూసేదాన్ని కూడా కాదు, తలుపు అవతలి నుంచే అన్నానికి పిలిచేదాన్ని. రెండేళ్ల కిందట ఆయన పోయాడు. ఇవి మిగిలాయి. ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను, వచ్చినవాళ్లంతా ఆ జాకెట్టు అబ్బాయిలాంటివాళ్లే. మొదటిసారి మూత తీసినప్పుడు నా చేతులు ఎలా ఉన్నాయో, ఇవాళ పొద్దుట వ్యాన్లో నీ చేతులు అలా ఉన్నాయి. అప్పుడే తెలిసింది నీ నాగుపాముల సంగతి."

"మరి బోర్డు?"

"ముప్ఫై అని లేకపోతే నా దగ్గర ఎవరు కొంటారు?" అంది నొరీన్, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. మల్లేశ్‌కి అమీర్‌పేట గుర్తొచ్చింది. ఆవిడ కప్పు కడిగి ఫ్లాస్కు మీద బోర్లించింది. "నీకు మూడేళ్లని చెప్పేశాను. నేను మాట తప్పే మనిషిని కాదు. కాబట్టి ఆ మూడేళ్లూ నువ్వు చెయ్యాల్సిందే. వచ్చే శనివారం పదింటికి రా. గరాజు శుభ్రం చెయ్యాలి."

ఆ శనివారానికి మల్లేశ్ కొత్త గదిలో ఉన్నాడు. కిటికీ సందులో పాత సాక్సు కుక్కాడు, రేడియేటరు బాగానే పనిచేస్తోంది. కిల్‌కాక్ అవతల పొలాల మధ్య నొరీన్ ఇల్లు. ఇల్లంతా చలి, గరాజు మాత్రం వేసవికాలం. గోడలకి అరలు, అరల నిండా డబ్బాలు. మల్లేశ్ స్వెటరు విప్పి గుమ్మం బయట పెట్టాడు, ఆ పొరపాటు ఇంక చెయ్యడు. నొరీన్ ఒక్కొక్క పాముని తీసి గుడ్డసంచిలో వేస్తుంటే అతను డబ్బాలు కడిగి, తుడిచి, కొత్త కాగితం పరుస్తున్నాడు. సంచి కదిలినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. పెద్ద పైథాను దగ్గరికి వచ్చేసరికి నొరీన్ ఒక్క క్షణం ఆగింది, ఊపిరి పీల్చుకుంది.

"ఆస్తీక, ఆస్తీక," అంది, మూత తీస్తూ.

అప్పుడే నవదీప్ ఫోన్ చేశాడు. మల్లేశ్ చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టాడు. సోఫా చుట్టాలకి వేరే చుట్టాలు వస్తున్నారట. నవదీప్‌కి కూడా గది కావాలి, గదికి రిఫరెన్సు కావాలి.

"మీ మేడంని అడగరా, నాకూ ఒక మాట సాయం చెయ్యమని. కావాలంటే నేనూ వస్తా పనికి."

మల్లేశ్ నొరీన్‌కి విషయం చెప్పాడు. ఆవిడ పైథానుని రెండు చేతులా పొదివి పట్టుకుని ఆలోచించింది.

"పాములంటే భయమేనా అతనికి?"

"ఏమిరా, పాములంటే నీకు భయమేనా?" అన్నాడు మల్లేశ్ ఫోన్లోకి.

ఇంటర్వ్యూ మొదలైందని నవదీప్‌కి అర్థమైపోయింది. గొంతు సవరించుకున్నాడు.

"ఛఛ, నాకేం భయంరా. చిన్నప్పట్నుంచీ వాటి మధ్యే పెరిగాం మేము. మూడేళ్లని చెప్పు. కాదులే, నాలుగని చెప్పు."

"ఏమంటున్నాడు?" అంది నొరీన్.

"భయం లేదంటున్నాడు."

నొరీన్ తల అడ్డంగా ఊపింది. పైథానుని సంచిలో దింపి మూతి ముడేసి, తర్వాతి డబ్బా వైపు కదిలింది.

"ఏమైందిరా? ఏమంది?" అన్నాడు నవదీప్.

మల్లేశ్ కడిగిన డబ్బాలో కాగితం పరిచి, అంచులు సరిచేశాడు.

"రిజెక్ట్ చేసిందిరా," అన్నాడు. "కొన్ని దినాలు భయపడుడు మంచిగ ప్రాక్టీస్ జెయ్యి. మళ్ల అప్లై జేద్దువు."